బెలారస్ నాయనమ్మ, కాంటనీస్ తాతయ్య

ఆ రోజు పొద్దున హామిల్టన్ మీద ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. వానా కాదు, మంచూ కాదు. సరస్సు మీంచి లేచిన మబ్బూ, ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాల పొగా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, కుడితి తొట్టిలో నీళ్ళ రంగున ఊరంతా కమ్ముకున్నాయి. నవంబరు నెల. ఇలాంటి ఆకాశాన్ని చూసి రైతు కొత్త పనేదీ మొదలుపెట్టడు. చక్రధర్ రైతు కొడుకే గాని, బేస్‌మెంటులో ఉంటాడు కాబట్టి ఆకాశం చూడలేదు.

ఆనాటి పని చిన్నదే. పది గంటల లోపు రిపోర్టు అప్‌లోడ్ చెయ్యాలి, రెండు ఇడ్లీలు తినాలి, బస్సెక్కి క్లాసుకు పోవాలి. "ప్రపంచ భాషలు" అనే ఆ ఒక్క సబ్జెక్టు గట్టెక్కితే డిసెంబరులో డిగ్రీ చేతికొస్తుంది. డిగ్రీ వస్తే జనవరిలో వాటర్లూలో ఉద్యోగం. సబ్జెక్టు పోతే ఉద్యోగమూ పోతుంది. ఆఫర్ లెటర్లో అలాగే రాసి ఉంది. ఆ లెటరును అతను రోజుకు రెండుసార్లు, తలుపు గడియ వేసిందీ లేనిదీ చూసుకున్నట్టు, ఫోన్లో చూసుకునేవాడు.

రెండు భాషలు ఎన్నుకోవాలి. ఆ భాషలు పుట్టుకతో మాట్లాడే ఇద్దరు పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళ మాటలు, అలవాట్లు రాసుకుని, ఒకదానితో ఒకటి పోల్చాలి. చక్రధర్ మొదట్లో తెలుగు తీసుకుందామనుకున్నాడు. వద్దన్నది అతని రూమ్మేటు ఆంజనేయప్రసాద్. ఏడాది సీనియరు, పార్ట్‌టైమ్ సెక్యూరిటీ గార్డు, కాలేజీ విషయాల్లో బేస్‌మెంటు మొత్తానికి పెద్దదిక్కు.

"తెలుగేంట్రా? ఈ ఊళ్ళో ఏ బస్సెక్కినా నలుగురు తెలుగోళ్ళు. ఎవడో ఒకడు తప్పు పడతాడు."

"మరేం తీసుకోనన్నా?"

"దిద్దేవాళ్ళకి తెలియని పంట వెయ్యాలి. ఎవడూ ముట్టుకోని భాషలేవో చూడు."

క్లాసులో అందరూ తలో భాష పక్కనా పేరు రాసుకున్నాక, లిస్టులో ఎదురుగా పేరు లేనివి రెండు మిగిలాయి. ఒకటి బెలారుషియన్. రెండోది కాంటనీస్. చక్రధర్ రెండింటి పక్కనా తన పేరు రాశాడు.

వ్యాకరణం ఇంటర్నెట్‌లో దొరికింది. మనుషులు దొరకలేదు. గడువు దగ్గరపడింది. అప్పుడు చక్రధర్ ఒక బెలారస్ నాయనమ్మనూ, ఒక కాంటనీస్ తాతయ్యనూ తనే పుట్టించాడు. వట్టి మనుషులు నిలబడరు కాబట్టి వాళ్ళకు తనకు తెలిసిన ఒళ్ళూ మాటా ఇచ్చాడు. బెలారస్ నాయనమ్మ గడపకు అటూ ఇటూ నిలబడి ఏదీ ఇచ్చిపుచ్చుకోనివ్వదు. పిల్లల్ని ఎవరైనా మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని మూడుసార్లు ఉమ్ముతుంది. డాబా మీద మిరపకాయలు ఆరబోస్తూ సామెతలు చెబుతుంది. కాంటనీస్ తాతయ్య ఎవరు కనిపించినా ముందు "తిన్నావా" అంటాడు. ఎవరైనా అపశకునం పలికితే "ఛ, శుభం పలకరా" అని కసురుతాడు. రాస్తూ రాస్తూ చక్రధర్‌కు వాళ్ళ మీద ప్రేమ కూడా పుట్టింది. తొమ్మిదీ యాభైకి అప్‌లోడ్ చేశాడు. ఇడ్లీలు తిన్నాడు.

మధ్యాహ్నం క్లాసు అయ్యాక ప్రొఫెసర్ డన్ అతన్ని ఆగమన్నారు. పొడుగాటి మనిషి, తెల్ల జుట్టు. చేతిలో అప్పుడే ప్రింటు తీసిన అతని రిపోర్టు. అక్కడక్కడ పెన్సిలు గీతలు.

"ఈ నాయనమ్మ!" అన్నారావిడ ఇంగ్లీషులో. "ముప్పై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఇలాంటి మనిషి నాకు ఏ రిపోర్టులోనూ తగల్లేదు. నేను ఈవిడని కలవాలి. తాతగారిని కూడా."

"ఎస్, మేడమ్" అన్నాడు చక్రధర్. అతను పెరిగిన ఇంట్లో పెద్దవాళ్ళకు "కాదు" అని చెప్పే అలవాటు లేదు. ముందు అలాగే అనడం, ఆనక సాకులు వెతుక్కోవడం.

"శుక్రవారం నా ఆఫీసుకి తీసుకురా."

"ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మేడమ్."

"తాతగారికి?"

"ఆయనకీ మోకాళ్ళే, మేడమ్."

"పాపం. అయితే శనివారం నేనే వస్తాను. ఎక్కడుంటారు?"

హామిల్టన్‌లో చక్రధర్‌కు కంఠతా వచ్చిన అడ్రసు ఒక్కటే. అదే చెప్పాడు.

"ఇద్దరిదీ ఒకే ఇల్లా? భార్యాభర్తలా?"

చక్రధర్ తల అటూ ఇటూ ఊపాడు. ఆ ఊపుకు అర్థమేమిటో అతనికే తెలియదు. ఆవిడ ఔననే రాసుకున్నారు.

ఆ ఇల్లు కృపాబాయిది. నర్సాపురం దగ్గర మనిషి. ఇరవై ఏళ్ళ కిందట వచ్చి ఆసుపత్రి వంటశాలలో చేరి, వార్డు వార్డుకూ భోజనాల ట్రాలీ తోస్తూ ఈ ఇల్లు కొనుక్కుంది. కింద నలుగురు స్టూడెంట్లు అద్దెకుంటారు. చక్రధర్ వెళ్ళేసరికి ఆవిడ గోంగూర పచ్చడి సీసాలోకి ఎత్తుతోంది.

"ఆంటీ, శనివారానికి నాకొక బెలారస్ నాయనమ్మ, ఒక కాంటనీస్ తాతయ్య కావాలి."

"ఏరా, నీ సొంతోళ్ళు చాల్లేదా?"

చక్రధర్ జరిగింది చెప్పాడు. ఆవిడ గరిటె ఆపలేదు.

"అంటే అబద్ధమాడావు."

"ఆడలేదాంటీ. రాశాను."

"ఆడింది గాలికి పోద్ది. రాసింది ఉంటది." సీసా మూత బిగించింది. "చూడబ్బాయ్, దొంగ మనుషుల్ని నేను తేను. ఆసుపత్రిలో నిజం మనుషులే ఉన్నారు, తీసుకొస్తాను. వచ్చినోళ్ళకి అన్నం పెడతాను. మిగతాది నీ పాట్లు. ఒక్కటే మాట. నా ఇంట్లో అన్నం ముందు అబద్ధం ఉండకూడదు. వడ్డించే లోపల నిజం చెప్పెయ్."

నాలుగు అంతస్తుల ఆసుపత్రిలో కృపాబాయికి తెలియని ముసలి ప్రాణం లేదు. రిసెప్షన్ పక్కన కూర్చుని పుట్టిన బిడ్డలకు ఊలు టోపీలు అల్లే యద్వీహాది బెలారస్. మంగళవారం మంగళవారం బి.పి. చూపించుకోవడానికి వచ్చే క్వోక్‌ది కాంటనీస్. ఒకప్పుడు హోటలు నడిపినాయన, ఇప్పుడు పెరట్లో ప్లాస్టిక్ గుడారం కింద ఆకుకూరలు పెంచుతాడు. కృపాబాయి ఇచ్చిన విత్తనాలతో గోంగూర పండించి ఇచ్చింది ఆయనే. యద్వీహా భర్త పోయిన మనిషి, క్వోక్ భార్య పోయిన మనిషి. కృపాబాయి ఇద్దరితోనూ ఒకటే మాట చెప్పింది.

"ఒంటరిగా తింటున్నారు కదా. శనివారం మా ఇంటికి రండి. మీలాగే ఒంటరిగా ఉన్న ఒక మంచి మనిషి వస్తున్నారు. ఒక మేడమ్ కూడా వచ్చి మీ ఇద్దరి గురించీ రాసుకుంటారు. కాస్త మంచి బట్టలు వేసుకు రండి."

చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఆవిడ మరిచిపోయింది ఒకటి ఉంది. అంతకు ముందు సంవత్సరం ఒక నర్సుకూ ఎక్స్‌రే అబ్బాయికీ ఇలాగే భోజనానికి పిలిచి పెళ్ళి కుదిర్చింది. దానికి ముందు సంవత్సరం ఇంకొక జంటకు. కృపాబాయి మంచి బట్టలు వేసుకు రమ్మందంటే ఎందుకో ఆసుపత్రిలో లిఫ్టుకు కూడా తెలుసు.

శనివారం నాటికి కృపాబాయి హాలు సర్దింది. ఇంటికి కొత్తవాళ్ళు వస్తే కుర్చీలెలా వెయ్యాలో ఆవిడకు ఒక్కటే పద్ధతి తెలుసు. అటు సోఫా, ఇటు ఎదురుగా రెండు కుర్చీలు, నడుమ టీపాయ్ మీద మైసూరుపాకు, జంతికలు, మంచినీళ్ళు. జంతికల పక్కన చక్రధర్ తన ఫోను రికార్డింగులో పెట్టి ఉంచాడు. తలుపు తీసే పని ఆంజనేయప్రసాద్‌ది. డ్యూటీకి పోవాలని అప్పటికే యూనిఫారం వేసుకున్నాడు.

మొదట యద్వీహా వచ్చింది. ఎర్రదారంతో అంచులు కుట్టిన తెల్ల చొక్కా, పెదవులకు రంగు, చేతిలో బంగాళాదుంప అట్ల డబ్బా. యూనిఫారం మనిషిని చూసి జుట్టు సర్దుకుంది. "ప్రభుత్వం తరఫున వచ్చారా?" అని మెల్లిగా అడిగింది. ఆంజనేయప్రసాద్ ఛాతీ కాస్త పొంగించి, "లోపలికి రండి" అన్నాడు.

ఐదు నిమిషాలకు క్వోక్ వచ్చాడు. కలరా ఉండల వాసన వేస్తున్న సూటు, టై, చేతిలో గులాబిరంగు కార్నేషన్ పువ్వుల కట్ట. గుమ్మం బయటే నిలబడి రెండు చేతులా పువ్వులు చాచాడు. యద్వీహా చెయ్యి చాపబోయి, గడప చూసి వెనక్కి తీసుకుంది. ఆయన కోటు పట్టుకుని లోపలికి లాగి, అప్పుడు అందుకుంది. చక్రధర్ ఆ గడప వంక చూస్తూ ఉండిపోయాడు. అది అతను రాసిన రెండో పేజీ.

యద్వీహా పువ్వులు లెక్కపెట్టింది. ఎనిమిది. ఆవిడ ముఖం వాడింది. వాళ్ళ దేశంలో సరి సంఖ్యలో పువ్వులు ఇచ్చేది పోయినవాళ్ళకు. ఒక పువ్వు తీసి చక్రధర్ చేతిలో పెట్టింది. ఏడు చూసి క్వోక్ ముఖం వాడింది. ఆయనకు ఎనిమిదే అదృష్టం. ఇదేదో పొరపాటనుకుని చక్రధర్ తన పువ్వును కట్టలో పెట్టేశాడు. ఆవిడ తీసేసింది. అతను మళ్ళీ పెట్టాడు. మూడోసారి కృపాబాయి వచ్చి, ఆ ఎనిమిదో పువ్వు పుచ్చుకుని వంటింట్లోకి పోయింది. ఇప్పుడు యద్వీహా చేతిలో ఏడు, ఇంట్లో ఎనిమిది. ఇద్దరూ కూర్చున్నారు.

సరిగ్గా పన్నెండుకు ప్రొఫెసర్ డన్ వచ్చారు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దర్నీ చూసి సంతోషంగా చేతులు కలిపారు.

"మీ పెళ్ళయి ఎన్నాళ్ళయింది?"

క్వోక్ గడియారం చూసుకున్నాడు. "మేము కలిసి ఇరవై నిమిషాలైంది."

"నేనింకా ఔననలేదు" అంది యద్వీహా.

ప్రొఫెసర్ పెన్సిలు గాలిలో ఆగింది. చక్రధర్ గబగబా ప్రశ్నల కాగితం తీశాడు. అవి కాలేజీ ఇచ్చిన ప్రశ్నలే. చుట్టరికాలు, ఇల్లు, వంట, వయసు, పాట.

"తాతయ్యగారూ, మీ భాషలో అమ్మ తమ్ముణ్ణి ఏమంటారు?"

క్వోక్ వేళ్ళు మడిచి మొదలుపెట్టాడు. నాన్న అన్నకు ఒక పేరు, నాన్న తమ్ముడికి ఒక పేరు, అమ్మ అన్నదమ్ములకు వేరే పేరు.

"మన పద్ధతే" అంది వంటింట్లోంచి కృపాబాయి. "పెదనాన్న, బాబాయి, మేనమామ."

"మాకు అందరికీ ఒకటే మాట" అంది యద్వీహా కాస్త చిన్నబోయి. "జాజ్కా."

"సుఖం" అన్నాడు క్వోక్. "మీకు అన్నదమ్ములెంతమంది?"

"ముగ్గురు. మీకు సొంతిల్లేనా?"

"సొంతిల్లే. పెరడుంది."

చక్రధర్ కాగితంలో తరువాతి ప్రశ్నకు వచ్చాడు. "నాయనమ్మగారూ, 'మన ఇల్లు' అని మీ భాషలో ఎలా అంటారు?"

యద్వీహా చెంపలు పెదవుల రంగుకు వచ్చాయి. "ఇంత తొందరా?"

"పాట పాడతారా?" అని చదివాడు చక్రధర్. చెమటతో కాగితం తడిసింది.

"వంట కూడా చేస్తాను" అని క్వోక్ జవాబిచ్చాడు, యద్వీహా వంక చూసి.

ప్రొఫెసర్ డన్ గొంతు సవరించుకుని రిపోర్టు తెరిచారు. "కాంటనీస్‌లో స్వరాలు నాలుగు అని ఇక్కడుంది."

"నాలుగా?" క్వోక్ కుర్చీలో ముందుకు జరిగాడు. "ఆరు! మిగతా రెండూ ఎవరు తినేశారు? నాలుగు మాండరిన్‌కి."

"బెలారుషియన్‌లో కృతజ్ఞత చెప్పడానికి 'స్పసీబా' అట."

"అది రష్యన్!" యద్వీహా టీపాయ్ మీద చరిచింది, జంతికలు ఎగిరాయి. "మాది జాకుయ్. నలభై ఏళ్ళుగా ఈ దేశంలో అందరూ నన్ను రష్యనా అనే అడుగుతారు."

"నన్ను మాండరిన్ మాట్లాడమంటారు" అన్నాడు క్వోక్. "రాదంటే చైనావాడివే కదా అంటారు."

"పక్కన పెద్ద భాషుంటే అంతే."

"అంతే."

వచ్చిన తరువాత ఇద్దరూ ఒకరినొకరు సరిగ్గా చూసుకున్నది అప్పుడే.

ప్రొఫెసర్ డన్ పేజీ తిప్పారు. "ఎవరు కనిపించినా ముందు తిన్నావా అని అడుగుతారా?"

"అడగకుండా ఎలా?" అన్నాడు క్వోక్.

"చెడు మాట పలికితే కసురుతారా?"

"మా అమ్మయితే కొట్టేది."

"పిల్లల్ని మెచ్చుకుంటే మూడుసార్లు ఉమ్ముతారా?"

"ఎడమ భుజం మీంచి" అంది యద్వీహా, ఉమ్మి చూపించింది. ఎడమ పక్కన ఆంజనేయప్రసాద్ ఉన్నాడు. యూనిఫారం తుడుచుకుంటూ డ్యూటీకి వెళ్ళిపోయాడు.

చక్రధర్‌కు ఊపిరి వచ్చింది. ఇంటర్నెట్‌లోంచి తెచ్చినవన్నీ తప్పులు. తను పుట్టించినవన్నీ ఒప్పులు. సగం మార్కులొచ్చినా చాలు. వాటర్లూ కళ్ళ ముందు కనిపించింది.

"ఇవన్నీ ఇతనికి ఎవరు చెప్పారు?" అన్నాడు క్వోక్ ఆశ్చర్యంగా.

"మీరే కదా" అన్నారు ప్రొఫెసర్.

"నేనా? ఈ అబ్బాయిని ఇవాళే చూస్తున్నాను."

"నేనూ ఇవాళే" అంది యద్వీహా.

వాటర్లూ మాయమైంది. వంటింటి గుమ్మంలో కృపాబాయి అన్నం గిన్నెతో నిలబడి ఉంది. గిన్నె మూత తియ్యలేదు.

"అన్నం అయింది, అబ్బాయ్."

ఆ ఒక్క మాటే అంది. గోంగూర, పప్పు, కోడికూర వాసన హాల్లోకి వచ్చి ఆగింది. చక్రధర్ లేచి నిలబడ్డాడు. బళ్ళో పాఠం రానప్పుడు నిలబడ్డట్టు, చేతులు కట్టుకుని.

"మేడమ్, నేనెవర్నీ కలవలేదు. అంతా నేనే రాశాను. ఈ ఇద్దర్నీ ఆంటీ నిన్న కాక మొన్న పిలిచారు. మోకాళ్ళ నొప్పులు కూడా అబద్ధమే."

"నాకున్నాయి" అన్నాడు క్వోక్, సాయం చేద్దామని.

ప్రొఫెసర్ డన్ రిపోర్టు మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. "నాకు మొదటి రోజే తెలుసు. ఏడో పేజీలో బెలారస్ నాయనమ్మ డాబా మీద మిరపకాయలు ఆరబోస్తుంది. నేను ఆ దేశంలో రెండేళ్ళు పల్లెటూళ్ళో ఉన్నాను. అక్కడి ఇళ్ళ కప్పులు ఇంత ఏటవాలు." చెయ్యి నిలువునా పెట్టి చూపించారు. "మిరపకాయ కాదు, పిల్లి కూడా నిలవదు. నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తున్నాను. మోకాళ్ళ దగ్గరే చెబుతావనుకున్నాను."

చక్రధర్ తల ఎత్తలేదు. హామిల్టన్‌లో ఇంతమంది ప్రొఫెసర్లుంటే, తను వేసిన పంట తెలిసిన రైతు పొలంలోనే వేశాడు.

"ఇంతకీ ఆ నాయనమ్మ ఎవరు?"

"మా నాయనమ్మ, మేడమ్. ఆయన మా తాతయ్య."

"వాళ్ళ భాష?"

"తెలుగు."

"అది ఎందుకు తీసుకోలేదు?"

"తెలిసినవాళ్ళు తప్పులు పడతారని."

ప్రొఫెసర్ మొదట నవ్వు ఆపుకున్నారు. తరువాత ఆపుకోలేదు. నవ్వు అయ్యాక ముఖం మళ్ళీ ప్రొఫెసర్ ముఖమే. "సోమవారం పది గంటలకు కొత్త రిపోర్టు కావాలి. ఈ ఇద్దరి భాషలూ, మీ నాయనమ్మ భాషా, మూడూ ఉండాలి. ఆలస్యానికి ఇరవై మార్కులు కోత. ఒక్క అబద్ధం కనిపిస్తే మొత్తం సున్నా."

"థాంక్యూ, మేడమ్."

"మీ భాషలో చెప్పు. రాసుకుంటాను."

సభల్లో చెప్పే మాట ఒకటుంది. ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పగా చక్రధర్ వినలేదు.

"మాకు రెండు" అన్నాడు క్వోక్ ఉత్సాహంగా. "సాయం చేస్తే ఉమ్‌గోయ్, బహుమతి ఇస్తే దోజే."

"మీకు?" అని ప్రొఫెసర్ కృపాబాయిని అడిగారు.

"మా ఇళ్ళల్లో మాటుండదు, మేడమ్. తిన్నాక గిన్నె కడుగుతారు."

ఆవిడ అది కూడా రాసుకున్నారు.

క్వోక్ టై సర్దుకుని గొంతు తగ్గించాడు. "మరి పెళ్ళి సంగతి?"

"ఏం పెళ్ళి?" అంది కృపాబాయి.

క్వోక్ యద్వీహా వంక చూశాడు. యద్వీహా సోఫా వంక, కుర్చీల వంక, మైసూరుపాకు వంక చూసింది. అప్పుడు కృపాబాయి కూడా తను సర్దిన హాలు తనే మొదటిసారి చూసుకుంది. "అయ్యో ప్రభువా" అని అన్నం గిన్నె బల్ల మీద పెట్టేసింది.

"పరవాలేదు" అంది యద్వీహా, బంగాళాదుంప అట్ల డబ్బా మూత తీస్తూ. "ఆ పెరడు ఎంత ఉంటుందో చూడ్డానికి మంగళవారం వస్తానని ఇప్పటికే అనుకున్నాను."

అందరూ బల్ల చుట్టూ చేరారు. కృపాబాయి కళ్ళు మూసుకుని రెండు వాక్యాల ప్రార్థన చేసి, కళ్ళు తెరిచి, గరిటె ఎత్తి చూపించింది. "ఈ ఇంట్లో మెతుకు ముందు మాట ఉండదు." అది తెలుగులోనే చెప్పింది. అందరికీ అర్థమైంది.

తిన్నారు. క్వోక్ ఒక అట్టు తుంచి గోంగూరలో అద్ది యద్వీహా ప్లేటులో పెట్టాడు. ఆవిడ తిని, కళ్ళు తుడుచుకుని, ఇంకొకటి తీసుకుంది. ప్రొఫెసర్ డన్ ప్లేటు ఖాళీ కావడం, కృపాబాయి వడ్డించడం, ఆవిడ చెయ్యి అడ్డుపెట్టడం, కృపాబాయి వేళ్ళ సందులోంచి వడ్డించడం మూడుసార్లు జరిగింది. కిటికీ అవతల ఆకాశం మొత్తానికి తేల్చుకుని మంచు కురవడం మొదలుపెట్టింది. అందరికంటే ముందు తినేసిన చక్రధర్ లేచి, చప్పుడు కాకుండా గిన్నెలు కడగసాగాడు.

టీపాయ్ మీద మరిచిపోయిన ఫోను ఇదంతా రికార్డు చేసుకుంటూనే ఉంది. చక్రధర్ జనవరిలో వాటర్లూ వెళ్ళాడు గాని, సోమవారం ఇచ్చిన రిపోర్టులో పెన్సిలు గీత పడనిది, ఆ భోజనం దగ్గర రికార్డయిన ఇరవై రెండు నిమిషాల మాటలు విని రాసిన భాగం ఒక్కటే.